దీపాల డ్యూటీ

మా అత్తమ్మ చేసిన చివరి పని కుక్కర్ మూతకు గాస్కెట్ ఎక్కించడం. ఆ రబ్బరు చక్రం వదులైనప్పుడల్లా ఆవిడ దాన్ని ముందురోజే ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో పెట్టేది. పొద్దున తీసి, మూత అంచు చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చేది. ఆ రోజూ అలాగే నొక్కి, మూత బిగించి, స్టవ్ మీద పెట్టి, "కోడలా, మూడు కూతలకి కట్టీ. నాలుగోదాని కోసం సూడకు, పప్పు సున్నమైపోతాది" అని చెప్పి వరండాలోకి వెళ్లి కూర్చుంది. మూడు కూతలు వచ్చాయి. స్టవ్ కట్టేశాను. "అత్తమ్మా, కట్టేసిన" అని కేకేశాను. వెళ్లి చూస్తే, కూర్చున్నచోటే ప్రాణం పోయింది.

ఆవిడను తలచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ వరండా కాదు. నిరుటి అమ్మవారి పండుగ మధ్యాహ్నం గుర్తొస్తుంది. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి, చెంపకు గ్రీజు పూసుకుని, నలభై ఇళ్ల జనాన్ని కాలు కదపనీయకుండా నిలబెట్టిన మా అత్తమ్మ అప్పయమ్మ గుర్తొస్తుంది.

మాది బిలాస్‌పూర్ అంచున లాల్‌ఖదాన్. ఇంటి వెనకే పట్టాలు. గూడ్సు బండి పోతుంటే గిన్నెల స్టాండులో చెంచాలు మాట్లాడుకుంటాయి. నేను హనుమకొండ నుంచి బ్యాంకు ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చి, సీపత్ కరెంటు ప్లాంటులో పనిచేసే రమణబాబును పెళ్లి చేసుకుని ఈ ఇంటి కోడలినయ్యాను. మా మామగారు అప్పలస్వామి టెక్కలి దగ్గరి పల్లె నుంచి రైల్వేలో చేరడానికి వచ్చిన మనిషి. షెడ్డులో ఫిట్టరు. ఇప్పుడంతా కరెంటు ఇంజన్లే కానీ, ఆ రోజుల్లో డీజిల్ ఇంజన్లకని ఒక చిన్న షెడ్డు ఉండేదట. ఆయన సర్వీసులో ఉండగానే జబ్బుతో పోయారు. ఆయన బదులు అత్తమ్మకు అదే షెడ్డులో ఉద్యోగం ఇచ్చారు. రిటైరయ్యే దాకా అక్కడే పనిచేసింది.

ఆ షెడ్డు గురించి ఆవిడ చెప్పని రోజు లేదు. పెళ్లయిన కొత్తలో నేను కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని సొరకాయను చేత్తో ఎత్తి చూపేది.

"ఓలమ్మీ, వాల్వులంటే ఏటనుకున్నావు? ఇదిగో, ఇంతింత. స్ప్రింగులేమో నీ జడంత లావు. నా సేతిలోంచి పోని వాల్వు ఆ షెడ్డులో నేదు. తెల్సా?"

"తెల్వదు అత్తమ్మా."

"తెల్సుకో మరి. బేంకులో నోట్లు లెక్కెట్టడం కాదు."

ఆవిడకు అణకువ అనేది అసలు లేదు. బజాజ్ స్కూటరు వీధిలో వెళ్తే దాని జబ్బు చెప్పేది. సగంసార్లు తప్పు చెప్పేది. తప్పని తేలితే, ఆ జబ్బు నిన్నటిదని, ఇవాళ కొత్తది పుట్టిందని వాదించేది. మిక్సీ చప్పుడు మారితే స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేది. అలా విని, "దీనికి ఆయాసం" అని తేల్చింది ఒకసారి. మర్నాడు మిక్సీ కాలిపోయింది. ఆ ఒక్క గెలుపును ఆవిడ రెండేళ్లు చెప్పుకుంది.

ఇక పండుగ సంగతి. ఇక్కడి తెలుగు రైల్వే కుటుంబాలన్నీ ఎండాకాలంలో మారెమ్మ పండుగ చేస్తాయి. ఘటాలు ఎత్తి, అమ్మవారిని బండి మీద కూర్చోబెట్టి, దీపాల వేళకు పట్టాల పక్క వీధి నుంచి బయల్దేరి కాలనీ అంతా తిప్పుతారు. ఒక్కో ఇంటికి ఒక్కో పని పంచి పెట్టారు పాతకాలం వాళ్లు. ఒకరిది వేపరొట్ట, ఒకరివి ఘటాలు, ఒకరిది పానకం. రైల్వే వాళ్లు కదా, వాటన్నిటికీ డ్యూటీలనే పేరు. మా ఇంటిది దీపాల డ్యూటీ. మా మామగారు మొదట్లో పెట్రోమాక్సు దీపం నెత్తిన పెట్టుకుని నడిచేవారట. తర్వాత అందరూ కలిసి జనరేటరు కొన్నారు. అది తోపుడుబండి మీద అమ్మవారికి ముందు నడుస్తుంది. దాని పక్కన దీపాల డ్యూటీ వాళ్లు నడుస్తారు.

ఆ నడకే అత్తమ్మకు ముఖ్యం. భర్త పోయిన ఆడవాళ్లు ఊరేగింపులో వెనక వరసలో నడవాలి. ఎవరూ చెప్పరు, కానీ అందరికీ తెలుసు. మామగారు పోయిన మొదటి ఏడు ఆవిడ ఎవరినీ అడగకుండా వెళ్లి జనరేటరు బండి పక్కన నిలబడిందట. "డ్యూటీ ఇంటిది. మనిసిది కాదు" అందట. అప్పటినుంచి ఏటేటా అమ్మవారి కంటే పది అడుగులు ముందు, అందరికంటే ముందు, మా అత్తమ్మే నడిచేది.

నిరుడు పండుగ కమిటీకి చంద్రమౌళి గారు పెద్ద. రిటైరైన గార్డు, మామగారికి తమ్ముడి వరస. మంచివాడే, కానీ ప్రతిదీ టైము ప్రకారం జరగాలనే మనిషి. ఆయనకు ఆ పాత జనరేటరు మీద నమ్మకం లేదు. చప్పుడు ఎక్కువ, పొగ ఎక్కువ. టెంటు హౌసు వాళ్ల దగ్గర చప్పుడు చేయని పెద్ద జనరేటరు ఉందని ఆయన రెండేళ్లుగా అంటూనే ఉన్నాడు.

పండుగనాటి మధ్యాహ్నం గుడి ముందు షామియానా కింద అత్తమ్మ ఇంజను ఆడించి చూసింది. ఆడింది. అందరి వైపు తల ఎగరేసి చూసింది. అంతలో లోపల ‘ఠప్’మంది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

అత్తమ్మ ఇంజను ఆడించే తాడు లాగింది. మామూలుగా ఆ తాడు లాగితే చేతిని వెనక్కి గుంజుతుంది. ఇప్పుడు అది నీళ్లలో దారంలా వచ్చేసింది.

"ఊపిరి నేదు దీనికి," అంది.

చంద్రమౌళి గారు కొబ్బరికాయల బస్తా దగ్గర నుంచి వచ్చాడు. "ఏటయింది వదినా?"

"ఏటీ నేదు. నువ్వు కాయలు సూసుకో."

"వదినా, సెప్పింది ఇను. నాను టెంటు హౌసోడికి పోను సేసేత్తాను. సాయంత్రానికి బండి వచ్చీసుద్ది."

"వస్తే?"

"వస్తే ఏటి, అదే నడుస్తాది. ఇంక ఏటేటా అదే. వాళ్ల మనుసులే వస్తారు, వాళ్లే తోసుకుంటారు. నీకూ వయసయింది. సుఖంగా ఎనకాల నడూ."

‘వెనకాల’ అనే మాట ఆయన నోటి నుంచి మామూలుగానే వచ్చింది. అత్తమ్మ చేతిలోని తాడు మాత్రం బిగుసుకుంది.

"దీపాల వేళకి ఇది ఆడతాది మౌళీ."

"ఆడకపోతే?"

"ఆడకపోతే తెప్పించుకో నీ టెంటు హౌసు. నాను ఎనకాలే నడుత్తాను. ఆడితే మట్టుకు ఇంకెప్పుడూ నా ముందు ఆ పేరు ఎత్తకు."

మాట అయిపోయింది. నలుగురూ విన్నారు.

ఇంజను తల మీద చిన్న రేకు మూత ఉంటుంది. నాలుగు బోల్టులు తీసి ఆ మూత ఎత్తింది అత్తమ్మ. లోపల నూనెలో నల్లగా మెరుస్తూ పక్కపక్కన రెండు స్ప్రింగులు. ఒకటి నడుమున రెండు ముక్కలైంది. వాల్వును పైకి లాగి మూసి ఉంచేది ఆ స్ప్రింగే. అది విరిగితే వాల్వు మూసుకోదు, ఊపిరంతా బయటికి పోతుంది.

"సూసినావా! వాల్వుకి ఏటీ కానేదు. స్ప్రింగు పోనాది, అంతే!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. విరిగిన దాన్ని చూసి అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "రమణా! బండి తీయ్! మస్తూరీ రోడ్డు మీద పంపుల కొట్టు నేదూ, ఆడికాడ ఇదే ఇంజను సచ్చిపోయి పడుంటాది. దాని స్ప్రింగు పీకించుకొని రా!"

"అమ్మా, ఛోడో నా. ఇంత ఎండలో..." అన్నాడు రమణబాబు.

"ఎండా? మీ నాన్న ఇంజను కింద పడుకొని పనిసేసీవోడు. ఎల్లు!"

అతను వెళ్లి, నమ్మలేనంత త్వరగా, చొక్కా జేబులో స్ప్రింగుతో తిరిగొచ్చాడు. ఈలోగా అత్తమ్మ వాల్వు మీద నొక్కే చిన్న ఇనప చేతిని విప్పి పక్కన పెట్టింది. ఇప్పుడు పాత స్ప్రింగు తీయాలి, కొత్తది పెట్టాలి. కానీ స్ప్రింగు తీసేస్తే వాల్వుకు పట్టు ఉండదు. నొక్కితే ఇంజను లోపలికి జారిపోతుంది. ఇంజను తల మొత్తం విప్పే సమయం లేదు.

"తాడు కావాలి," అంది. "నూలుది. మెత్తగా గుండ్రంగా ఉండాలి. పోగులు ఊడకూడదు."

ఒకరు పూలు గుచ్చే దారం తెచ్చారు. సన్నం. ఒకరు బట్టలారేసే తాడు తెచ్చారు. ప్లాస్టిక్‌ది. అత్తమ్మ అటూ ఇటూ చూసి, బియ్యం చెరుగుతున్న ఆడవాళ్లలో కూర్చున్న పక్కింటి ఉషారాణి మీద చూపు నిలిపింది.

"ఉసా, నిన్న బజార్లో లంగా బొందులు కట్ట కొన్నావు కదే?"

ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఉషారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి పరిగెత్తి కొత్త బొందు ఒకటి పట్టుకొచ్చింది.

"వదినా!" అన్నాడు చంద్రమౌళి గారు. "అమ్మోరి ఇంజనులో లంగా బొందేటి?"

"అమ్మోరు కట్టదా ఏటి లంగా? అటు తిరుగు నువ్వు."

ఆయన నిజంగానే అటు తిరిగాడు.

అత్తమ్మ ఇంజను స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి బొందును కొసదాకా కాకుండా, చివర బయటికి వేలాడేలా లోపలికి కుక్కింది. తర్వాత చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పింది. లోపల పిస్టన్ పైకొచ్చి ఆ బొందు చుట్టను వాల్వుకు అదిమింది. చక్రం ఇక తిరగనంది. "ఇప్పుడెక్కడికి జారతాది!" అంది అత్తమ్మ, వాల్వుతో మాట్లాడుతూ.

స్ప్రింగు నెత్తిన చిన్న గిన్నెలాంటి టోపీ ఉంటుంది. టోపీ మధ్య రంధ్రంలోంచి వాల్వు కాడ పైకొస్తుంది. కాడకు ఒక గాడి. ఆ గాడిలో అటొకటి ఇటొకటి రెండు చిన్న ఇనప బద్దలు కూర్చుంటాయి. వాటిని లాకులంటారు. ఒక్కోటి శనగబద్దంత. స్ప్రింగు ఎంత బలంగా పైకి తంతే అవి అంత గట్టిగా టోపీలో బిగుసుకుంటాయి. మొత్తం ఇంజనుకు ఊపిరి ఆ రెండు బద్దల మీద ఆగి ఉంటుందని నేను అప్పుడే చూశాను.

రమణబాబు రెండు బొటనవేళ్లతో టోపీని కిందికి నొక్కాడు. అత్తమ్మ పాత లాకులు స్క్రూడ్రైవరు మొనతో తీసి తన అరచేతిలో పెట్టుకుంది. విరిగిన స్ప్రింగు బయటికి, కొత్తది లోపలికి. లాకులకు గ్రీజు పూసి, ఒక్కోదాన్ని స్క్రూడ్రైవరు మొనకు అంటించి, కాడ గాడిలోకి చేరవేసింది. ఒకటి కూర్చుంది. రెండోది కూర్చుంది. రమణబాబు మెల్లగా వేళ్లు వదిలాడు. నిలిచాయి!

జనం హాయిగా ఊపిరి వదిలారు. అక్కడితో ఆగి ఉంటే అయిపోయేది.

"ఉండండి," అంది అత్తమ్మ. "లాకులు కూకున్నాయో నేదో దెబ్బ కొట్టి సూడాలి. మా సెడ్డులో ఇలాగే సేత్తారు." సంచిలోంచి సుత్తి తీసింది. అది ఇత్తడి సుత్తి, మామగారిది. సొరకాయంత వాల్వులకు కొట్టే దెబ్బ ఆవిడ చెవుల్లో ఉన్నట్టుంది. శనగబద్దంత లాకులున్న ఇంజనుకు ఆ దెబ్బే కొట్టింది.

‘టింగ్’మంది. టోపీ ఎగిరి రమణబాబు గడ్డానికి తగిలింది. స్ప్రింగు పానకం బిందెను కొట్టుకుని దొర్లింది. ఒక లాకు ఇంజను మీదే పడింది. రెండోది ఎండలో ఒక్క మెరుపు మెరిసి ఎటో పోయింది.

"ఎవరూ కాలు కదపకండి!"

ఆవిడ గొంతు గూడ్సు బండి కూతను మించిపోయింది. షామియానా కింద అందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగారు. చంద్రమౌళి గారు కొబ్బరికాయ పట్టుకుని, ఒక కాలు ఎత్తి, దాన్ని దించాలో వద్దో తెలియక కొంగలా నిలబడ్డాడు.

"వదినా, నా కాలు..."

"గాల్లోనే ఉంచు!"

రమణబాబు కొట్టువాడికి ఫోన్ చేశాడు. ఆ చచ్చిన ఇంజను లాకులైనా తెద్దామని. ఆయన అప్పటికే షట్టరు దించి చుట్టాల పెళ్లికి బయల్దేరి అకల్‌తరా దాటాడట.

మైకుసెట్టు ఆయన పాత స్పీకరు విప్పి పెద్ద అయస్కాంతం ఇచ్చాడు. ఇంకేం, దొరికినట్టే అనుకున్నాం. అత్తమ్మ దాన్ని నేల మీద ఇలా ఆడించి ఎత్తింది. దానికి బారెడు గడ్డం మొలిచింది! పట్టాల పక్క నేల కదా. ఎన్నేళ్లుగానో బండి చక్రాలు, బ్రేకులు రాలుస్తున్న ఇనప పొడి అంతా మా మట్టిలోనే ఉంది. గడ్డం గీకి మళ్లీ ఆడిస్తే మళ్లీ గడ్డం. ఆ నల్ల జుట్టులో శనగబద్దంత ఇనుము ఎక్కడని వెతకాలి?

"అయిపోనాదిలే వదినా," అన్నాడు చంద్రమౌళి గారు ఒంటికాలి మీదే. ఈసారి ఆయన గొంతులో జాలి ఉంది. అదే అత్తమ్మకు పడలేదు. ఫోను ఆయన చేతిలో ఉంది. ఎండ అప్పటికే గుడి గోడ సగానికి దిగింది.

అత్తమ్మ నేల వైపు చూసింది. తర్వాత బియ్యం చెరిగే ఆడవాళ్ల చేతుల్లోని చేటల వైపు చూసింది. నేనూ అటే చూశాను. ఇద్దరం ఒకేసారి అరిచాం.

"చేటలు!"

"సేటలు!"

ఆ తర్వాత జరిగింది చెబితే నవ్వుతారు. కాలు కదపని మగవాళ్ల మధ్య నుంచి ఆడవాళ్లు చీపుళ్లతో దిగారు. గుడి మెట్టు నుంచి మొదలుపెట్టి మట్టిని పొరలు పొరలుగా ఊడ్చి చేటల్లోకి ఎత్తారు. ఊడ్చిన చోటు ఊడ్చినట్టు, ఒక్కో మగాడికీ కాలు దించుకోవడానికి అనుమతి దొరికింది. చంద్రమౌళి గారి వంతు రాగానే ఆయన "అమ్మయ్య" అని కాలు దించి, తనే ఒక చీపురు అందుకున్నాడు. అరుగు మీద వరసగా కూర్చుని ఆడవాళ్లు చెరగడం మొదలుపెట్టారు. దుమ్ము ముందుకు ఎగిరిపోతోంది. బరువున్న రాళ్లూ ఇనుమూ వెనక్కి, చేతుల వైపు, జరిగి నిలుస్తున్నాయి. నాకు చెరగడం రాదు. నా చేటలో మట్టంతా నా మొహం మీదకే వచ్చింది.

"బేంకు కోడలా, నువ్వు ఎత్తి పొయ్యి, సాలు!" అంది ఉషారాణి.

అత్తమ్మ ఒక్కో చేట దగ్గరికి వచ్చి, వెనక మిగిలిన రాళ్లలో బొటనవేలు ఆడించి, "నేదు," అని పక్క చేటకు పోతోంది. కళ్లు మాత్రం అటు పెట్టడం లేదు. ఆవిడ చూపు గోడ మీది ఎండ మీద ఉంది. వేలు మాత్రం చేటలో ఉంది. నేదు. నేదు. ఇదీ నేదు. ఉషారాణి చేటలో ఆ వేలు ఒక చోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ నొక్కింది.

"ఇదే."

అప్పటికి ఇంకా ఆవిడ కిందికి చూడలేదు. చూసింది మేం. నల్లటి మట్టిలో శనగబద్దంత లాకు!

అరుపులకు గుడి మీది పావురాలు లేచిపోయాయి. చంద్రమౌళి గారు చీపురు పడేసి, పక్కన పెట్టిన కొబ్బరికాయను అక్కడికక్కడే కొట్టేశాడు. "ఊరేగింపు కాయ కదయ్యా అది!" అని ఎవరో అంటే "ఇంకోటుందిలే!" అన్నాడు.

కిరోసినులో కడిగి లాకును తుడిచింది అత్తమ్మ. "ఈసారి నువ్వు నొక్కు," అంది నాతో. "రమణ గడ్డం పట్టుకుని కూకున్నాడు."

"నాకు రాదు అత్తమ్మా."

"రావడానికేటుంది? లడ్డూ నొక్కినట్టు కాదు, సమంగా, రెండు పక్కలా. వదలమన్నదాక వదలకు."

నొక్కాను. స్ప్రింగు నా వేళ్ల కింద బతికున్న జంతువులా తోసింది. ఆవిడ తల నా తలకు తగిలింది. కొబ్బరినూనె, గ్రీజు కలిసిన వాసన. గ్రీజు పూసిన లాకు ఒకటి స్క్రూడ్రైవరు మొన మీద వచ్చి గాడిలో కూర్చుంది. రెండోదాన్ని చేరవేస్తూ ఆవిడ ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. అది చివరిక్షణంలో పక్కకు ఒరిగింది. ఆవిడ గోటితో నిలబెట్టింది. కూర్చుంది.

"ఇప్పుడు మెల్లగా... మెల్లగా... వదులు."

వదిలాను. టోపీ పైకొచ్చింది. లాకులు రెండూ సమానంగా, ఒకే ఎత్తులో, అంచు కలిసి, రెండు బద్దలు కలిసి ఒక గింజ అయినట్టు మూసుకున్నాయి.

"సుత్తి ఇయ్యనా వదినా?" అన్నాడు చంద్రమౌళి గారు.

"నీ నెత్తి మీద కొడతాను," అంది అత్తమ్మ. ఈసారి దెబ్బ లేదు. గోటితో లాకుల చుట్టూ ఒక్కసారి తడిమి చూసింది, అంతే. పక్కన పెట్టిన చిన్న చేతిని బిగించి, దాని కింద గడ్డం గీసుకునే బ్లేడు జారేంత సందు ఉంచి, మూత వేసింది. ప్లగ్గు అందుకుంది.

"నా బొందు! పిన్నీ, నా బొందు లోపలే ఉంది!" అని ఉషారాణి గట్టిగా అరిచింది.

అత్తమ్మ నాలుక కరుచుకుని, చక్రం కాస్త వెనక్కి తిప్పి, ఆ నల్లబడ్డ బొందును లోపల్నుంచి మెల్లగా లాగుతుంటే, జనం నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. చంద్రమౌళి గారు ఈసారి అటు తిరగలేదు.

తాడు లాగింది. ఈసారి తాడు చేతిని వెనక్కి గుంజింది. "ఊపిరి వచ్చింది!" అంది. రెండోసారి లాగింది. ఇంజను దగ్గింది. మూడోసారి లాగింది. ఆ పాత మొండి చప్పుడుతో, ఆ పాత పొగతో, అందరి చెవులూ చిల్లులు పడేలా ఆడింది! షామియానాకు కట్టిన దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అప్పటికి సంధ్య ఇంకా పూర్తిగా పడనేలేదు. చంద్రమౌళి గారు ఫోను జేబులో పెట్టుకుని, అత్తమ్మ దగ్గరికి వచ్చి, "పద వదినా, ముందుకి పద" అన్నాడు.

ఆవిడ చీర దించుకోలేదు. చెంప మీది గ్రీజు తుడుచుకోలేదు. అలాగే బండి పక్కన నిలబడింది. డప్పులు మొదలయ్యాయి. ఘటాలు లేచాయి. అమ్మవారి కంటే పది అడుగులు ముందు మా అత్తమ్మ అప్పయమ్మ నడిచింది. దారిపొడుగునా కనిపించిన వాళ్లందరికీ ఇంజను చప్పుడును మించిన గొంతుతో, లాకు ఎలా పోయిందో, ఎలా దొరికిందో చెప్తూ నడిచింది. మూడో వీధికి వచ్చేసరికి ఆ కథలో సుత్తి దెబ్బ లేదు. లాకు దానంతట అదే ఎగిరిపోయింది.

ఈ ఏడు పండుగకు కొన్ని వారాల ముందే ఆవిడ వెళ్లిపోయింది.

పదో రోజున సింహాచలం గారు వచ్చారు. షెడ్డులో మామగారికీ అత్తమ్మకీ ఇద్దరికీ తోడుగా పనిచేసిన పాత ఫిట్టరు. రిటైరయ్యాక కూతురి దగ్గర రాయ్‌గఢ్‌లో ఉంటున్నారు. నిరుటి పండుగకు లేరు. భోజనాలయ్యాక వరండాలో కూర్చోబెట్టి నేను ఆయనకు ఆ మధ్యాహ్నమంతా చెప్పాను. లంగా బొందు దగ్గర ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. సుత్తి దగ్గర తొడ మీద చరుచుకున్నారు.

"అన్నేళ్లు వాల్వులు బిగించిన చెయ్యి కదండీ," అన్నాను నేను. "మాకు ఒక్కోసారి గొప్పలు అనిపించేవి కానీ, ఆ రోజు చూశాం."

సింహాచలం గారి నవ్వు ఆగింది. కండువాతో మొహం తుడుచుకున్నారు.

"మీ అత్త వాల్వు బిగించనేదమ్మా, ఎప్పుడూ," అన్నారు. "ఆవిడ డ్యూటీ తొట్టి కాడ. మేం విప్పి పడేసినవన్నీ డీజిల్లో కడిగీది. లాకులు జతలు కలిపి, తుడిచి, పళ్లెంలో పేర్చి, నాకు అందించీది. ఏ జతకి ఏది అని సూడకుండానే సెప్పీది, వేలితోనే. ‘అచ్ఛా, ఒక్కటి నన్ను బిగించనియ్యి సింహాచలం’ అని అడిగీది అప్పుడప్పుడూ. ఫోర్‌మేన్ ఒప్పుకోనేదు. మేమూ నవ్వీవోళ్లం. రిటైరయిన రోజు కూడా అడిగింది."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"అయితే, బిగించిందన్నమాట," అన్నారు.